నొప్పి ఎదుట స్థైర్యాన్ని కొలిచే ప్రశ్నావళిని టర్కిష్‌లోకి తేవడం ఎలా: అడుగడుగునా మార్గదర్శి

నెలల తరబడి నడుము నొప్పితో ఉన్నవాళ్లని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నొప్పి తీవ్రత ఒకేలా ఉన్నా, ఒకరు ఇల్లు కదలకుండా అయిపోతారు, ఇంకొకరు పనులు చేసుకుంటూ, మనవలతో కబుర్లు చెబుతూ రోజు గడుపుతారు. ఈ తేడాలో కొంత భాగాన్ని కొలవడానికి 2016లో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ పరిశోధకులు పెయిన్ రెసిలియెన్స్ స్కేల్ అనే ప్రశ్నావళిని ప్రచురించారు. మరుసటి సంవత్సరం దాన్నే దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లలో కూడా పరీక్షించి చూశారు.

ఇందులో 14 వాక్యాలుంటాయి. ప్రతిదానికీ 0 నుంచి 4 దాకా మార్కు, మొత్తం 0 నుంచి 56. వాక్యాలు రెండు గుంపులు. నొప్పిలోనూ పని వదలకుండా కొనసాగడం గురించి 5, ఆలోచనల్లో, మనసులో ఆశ నిలుపుకోవడం గురించి 9.

ఇలాంటి కొలమానాన్ని మరో భాషలోకి తేవడం ఎలాగో టర్కిష్‌ని ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. ఫిజియోథెరపీ, నర్సింగ్, సైకాలజీ పరిశోధన చేసే తెలుగు విద్యార్థులకి ఇది రెండు రకాలుగా పనికొస్తుంది. అడుగులు ఏ భాషకైనా ఇవే. పైగా టర్కిష్ మన భాషలాగే క్రియతో వాక్యం ముగించి, ప్రత్యయాలు ఒకదానికొకటి అతికించుకుంటూ పోయే భాష. అక్కడ వచ్చే చిక్కుల్లో కొన్ని తెలుగులోనూ అచ్చంగా అలాగే వస్తాయి.

ఒక మాట ముందే చెబుతాను. ఇది అనువాదం పని అనుకుని మొదలుపెడితే దెబ్బతింటారు. టర్కీలో మోకాళ్ల నొప్పితో ఉన్న అరవై ఏళ్ల ఆవిడ 3 దగ్గర టిక్ పెడితే, ఆ 3కి ఒహాయోలో ఉన్న అర్థమే ఉందా అన్నది అసలు ప్రశ్న. కింద చెప్పే ప్రతి అడుగూ దానికి జవాబు వెతకడానికే.

1. వెతకండి, అడగండి, తర్వాతే మొదలుపెట్టండి

అంతర్జాతీయ డేటాబేస్‌లతో ఆగిపోకండి. టర్కీలో చాలా పరిశోధన టర్కిష్ పత్రికల్లోనే వస్తుంది. పత్రికల వేదిక డెర్గిపార్క్, పత్రికల సూచీ టీఆర్ డిజిన్, ఉన్నత విద్యా మండలి నడిపే జాతీయ థీసిస్ కేంద్రం, ఈ మూడింటిలోనూ వెతకాలి. థీసిస్‌లో ఉండి పత్రికకెక్కని అనువాదాలు అక్కడ దొరుకుతాయి.

టర్కిష్ రూపం ఇప్పటికే ఉంటే మళ్లీ అనువదించకండి. ఒకే ప్రశ్నావళికి రెండు మూడు పోటీ రూపాలు చెలామణిలో ఉంటే ఏ ఫలితాన్నీ దేనితోనూ పోల్చలేం. ఉన్నదాన్నే తీసుకుని కొత్త గుంపులో పరీక్షించడం అంతకన్నా విలువైన పని. మైగ్రేన్ ఉన్నవాళ్లలో, వెన్ను ఆపరేషన్ అయినవాళ్లలో, జర్మనీలో స్థిరపడిన టర్కిష్ కుటుంబాల్లో అది ఎలా పనిచేస్తుందో చూడొచ్చు.

లేకపోతే మూల రచయితలకి ఉత్తరం రాసి లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. అదే ఉత్తరంలో ఇంకో రెండు విషయాలు అడగండి. ఏ వాక్యం వెనక ఏ ఉద్దేశం ఉంది? అవసరమైతే వాక్యాన్ని ఎంతవరకు మార్చనిస్తారు? ఈ రెండో జవాబు చేతిలో లేకుండా ముందుకెళ్తే నాలుగో అడుగులో కమిటీ చేతులు కట్టేసినట్టవుతుంది.

టర్కీలో పని చేస్తుంటే స్థానిక ఎతిక్ కురుల్, అంటే నైతిక కమిటీ, ఆమోదం కావాలి. ఆరోగ్య సమాచారాన్ని అక్కడి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (2016 నాటి 6698వ నంబరు చట్టం) ప్రత్యేక వర్గంగా చూస్తుంది కాబట్టి సమ్మతి పత్రంలో ఆ సంగతి వివరంగా ఉండాలి.

2. ఎవరి కోసం తెస్తున్నారో తేల్చుకోండి

టర్కిష్ మాట్లాడేవాళ్లంటే ఇస్తాంబుల్ వాళ్లు మాత్రమే కాదు. సైప్రస్‌లో, బల్గేరియాలో ఉన్నారు. 1961లో పశ్చిమ జర్మనీతో కుదిరిన కార్మిక ఒప్పందం తర్వాత వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు లక్షల్లో ఉన్నారు. టర్కీలోనే ఇంట్లో కుర్దిష్, బయట టర్కిష్ మాట్లాడే కుటుంబాలూ ఎన్నో. వీళ్లందరికీ ఒకే వాక్యం ఒకేలా వినిపిస్తుందని ముందే అనుకోకూడదు.

ప్రామాణిక టర్కిష్‌లో తయారుచేసి, ప్రాథమిక పాఠశాలతో చదువు ఆగిపోయినవాళ్లకి కూడా అర్థమయ్యేలా చూడటం మంచి పద్ధతి. నొప్పి క్లినిక్‌లకి వచ్చేవాళ్లలో వయసు పైబడినవాళ్లు ఎక్కువ. కాబట్టి చదివి వినిపించే పద్ధతికి కూడా ముందే ఒక నియమం రాసుకోండి. ఎవరు చదవాలి, ఏ మాటలతో మొదలుపెట్టాలి, అర్థం కాలేదంటే ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నవి అందులో ఉండాలి.

3. ఇద్దరు అనువాదకులు, విడివిడిగా

2000లో బీటన్, ఆమె సహచరులు స్పైన్ పత్రికలో ప్రచురించిన మార్గదర్శకాలే ఇప్పటికీ ఎక్కువమంది పాటించే దారి. దాని ప్రకారం ఇద్దరు అనువాదకులు కావాలి. ఇద్దరి మాతృభాషా టర్కిషే. ఒకరికి నొప్పి, మనస్తత్వ శాస్త్రం తెలిసి ఉండాలి. రెండోవారికి ఈ రంగంతో సంబంధం ఉండకూడదు, ఏం కొలుస్తున్నామో కూడా చెప్పకూడదు. మొదటివారు భావాన్ని పట్టుకుంటారు, రెండోవారు జనం నోట్లో నానే మాట తెస్తారు. ఎక్కడ సందేహం వచ్చిందో ఇద్దరూ రాసిపెట్టాలి. చివరికి వాక్యాల కన్నా ఆ సందేహాల జాబితాయే ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక రూపానికి తేవాలి. టర్కిష్‌లో ఎక్కడెక్కడ ఆగాల్సి వస్తుందో చూద్దాం.

మొదట నొప్పి అన్న మాటే. శరీరంలో కొనసాగే నొప్పికి 'ఆరి' అంటారు. 'అజి' అంటే కోసుకుపోయినప్పటి మంట, మనసుకి తగిలిన బాధ కూడా. మనకి నొప్పి, బాధ ఉన్నట్టే. ప్రశ్నావళి అంతా 'ఆరి'తోనే నడవాలి. ఒక్కచోట 'అజి' దొర్లినా భర్త పోయిన దుఃఖం గురించి అడుగుతున్నారనుకునే అవకాశం ఉంది.

స్థైర్యానికి టర్కిష్ పరిశోధకులు మూడు మాటలు వాడుతున్నారు. 'దాయానిక్లిలిక్'లో తట్టుకునే గట్టిదనం ఉంది, వస్తువుల మన్నికకీ అదే మాట. 'ప్సికొలోజిక్ సాలంలిక్' మానసిక దృఢత్వానికి బాగా స్థిరపడిన పదం. 'యిల్మాజ్లిక్' అంటే వెనుదిరగని తత్వం. వాక్యాల్లో ఈ మాట రాదు, శీర్షికలో, వ్యాసంలో వస్తుంది. రోగి చేతికిచ్చే కాగితం మీద శీర్షికే లేకుండా ఇవ్వమంటాను నేను. పైన దృఢత్వం అని రాసి ఉంటే కింద తాను దృఢంగా లేనని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం.

పని కొనసాగించడానికి ప్రయత్నిస్తానన్న అర్థం వచ్చే వాక్యం దగ్గర ఇంకో చిక్కు. టర్కిష్‌లో 'చాలిష్మాక్' అంటే పని చేయడం, ప్రయత్నించడానికీ అదే క్రియ. మూలాన్ని ఉన్నదున్నట్టు మారిస్తే 'చాలిష్మాయా దెవామ్ ఎత్మెయె చాలిషిరిమ్' అవుతుంది. వ్యాకరణం తప్పు కాదు, కానీ ఒకే మాట రెండు అర్థాల్లో తగులుకుని చదివేవాడు తడబడతాడు. 'ఇష్లెరిమె దెవామ్ ఎత్మెక్ ఇచిన్ చాబా గొస్తెరిరిమ్', అంటే నా పనులు సాగించడానికి పాటుపడతాను, అంటే సాఫీగా ఉంటుంది. పని అన్నది ఏకవచనంలో ఉంటే ఉద్యోగం అనుకుంటారు. బహువచనం చేస్తే ఇంటి పని, పొలం పని కూడా అందులో చేరుతాయి. గృహిణులు, పదవీ విరమణ చేసినవాళ్లు ఈ వాక్యాన్ని ఖాళీగా వదిలేయకుండా ఉండాలంటే ఈ చిన్న ప్రత్యయం అవసరం.

కాలం విషయం కూడా చూసుకోవాలి. 'చాలిషిరిమ్' అంటే అలవాటుగా చేస్తాను, 'చాలిషియొరుమ్' అంటే ఇప్పుడు చేస్తున్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఎలా ఉంటారో అడుగుతున్నాం కాబట్టి మొదటిదే సరి. మొత్తం 14 వాక్యాలూ అదే రూపంలో ఉండాలి.

4. తిరుగు అనువాదం, నిపుణుల కమిటీ

మూలాన్ని ఎప్పుడూ చూడని ఇద్దరు టర్కిష్ రూపాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి. దీన్ని చాలామంది సప్రమాణతకి, అంటే కొలవాల్సినదాన్నే కొలుస్తోందనడానికి, రుజువుగా చూపిస్తారు. అది పొరపాటు. మక్కీకి మక్కీ అనువాదం తిరుగు అనువాదంలో చక్కగా సరిపోతుంది, చదివేవాడికి మాత్రం కృతకంగా ఉంటుంది. పెద్ద తప్పులు పట్టుకోవడానికి ఈ అడుగు చాలు, అంతకు మించి దాన్ని నమ్మకండి.

కమిటీలో అనువాదకులందరితో పాటు పరిశోధనా పద్ధతులు తెలిసినవారు, భాషావేత్త, నొప్పి వైద్యులు, ఫిజియోథెరపిస్టు ఉండాలి. టర్కీలో నొప్పి వైద్యాన్ని 'ఆల్గొలొజి' అనే ఉపవిభాగంగా చేస్తారు, ఆ విభాగం వాళ్లు దొరికితే వదలకండి. దీర్ఘకాలిక నొప్పి ఉన్న ఒకరిద్దరు రోగుల్ని కూడా కూర్చోబెట్టమని గట్టిగా చెబుతాను.

కమిటీ ఎక్కువ సమయం పెట్టాల్సింది ఒక చోట ఉంది. నొప్పి నా సంతోషాన్ని దెబ్బతీయదు అనే తరహా వాక్యాన్ని తీసుకోండి. జవాబుల వరసలో మొదటిది, అంటే 0 మార్కుది, అస్సలు కాదు అన్న అర్థంలో 'హిచ్'. చివరిది, 4 మార్కులది, ఎల్లప్పుడూ అన్న అర్థంలో 'హెర్ జమాన్'. టర్కిష్‌లో 'హిచ్' మామూలు వాక్యాల్లో సాధారణంగా వ్యతిరేక క్రియతో కలిసి వస్తుంది. దెబ్బతీయదు అన్న క్రియ పక్కన 'హిచ్' చూడగానే రోగి మనసులో రెండూ కలిసి అస్సలు దెబ్బతీయదు అయిపోతాయి. అంటే నిండా స్థైర్యం ఉన్న మనిషి 4 పెట్టాల్సిన చోట 0 పెడతాడు.

తెలుగులో ఇదే వాక్యం, అస్సలు అన్న ఎంపిక పక్కపక్కన పెట్టి ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. అదే జరుగుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. జవాబుల వరసని నాకు అస్సలు వర్తించదు నుంచి పూర్తిగా వర్తిస్తుంది దాకా మార్చొచ్చు. కానీ అప్పుడు ఎంత తరచుగా అన్న కొలత పోయి, ఎంతవరకు ఒప్పుకుంటారన్న కొలత వస్తుంది. మూల రచయితలు ఒప్పుకుంటేనే అది చేయాలి. రెండో దారి, వాక్యాన్ని నా సంతోషాన్ని కాపాడుకుంటాను అని అనుకూల క్రియతో తిప్పి రాయడం. టర్కిష్‌లో 'ముత్లులూము కొరురుమ్' అంటే సరిపోతుంది. నేనైతే దీన్నే ఎంచుకుంటాను. మూలంలో వ్యతిరేకార్థపు వాక్యాలు ఇంకా ఉన్నాయి. అన్నిటికీ ఒకే నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయాన్ని వ్యాసంలో రాయాలి.

పక్కపక్కనే పోలికగా ఉండే వాక్యాలు ఇంకో సమస్య. కుంగిపోనివ్వను, బాధపడనివ్వను అన్న రెండు భావాలు ఇంగ్లీషులో వేరువేరు నుడికారాలతో ఉన్నాయి. మొదటిదానికి 'మొరాలిమి బొజ్మాసినా ఇజిన్ వెర్మెమ్' అన్నది టర్కీలో రోజూ వినిపించే మాట. రెండోదానికి 'బెని ఉజ్మెసినె ఇజిన్ వెర్మెమ్'. ఇవి వేరుగా వినిపిస్తాయో లేదో కమిటీ ఊహించి తేల్చకూడదు, రోగుల్నే అడగాలి.

కొలవాలనుకున్నదానికి ప్రతి వాక్యం ఎంత సంబంధించిందో నిపుణులు 1 నుంచి 4 దాకా మార్కులు వేసి చెబుతారు. 3 గానీ 4 గానీ వేసినవాళ్ల వాటా ఆ వాక్యం సూచిక. పదిమందిలో ఎనిమిదిమంది అలా వేస్తే 0.80. సాధారణంగా 0.78 దాటితే ఉంచుతారు.

5. రోగి పక్కన కూర్చుని వినండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు, తొందరలో అందరూ దాటేసేదీ ఇదే. 30 నుంచి 40 మందికి ఇచ్చి అర్థమైందా అని అడిగి, అయిందంటే సరే అని రాసుకోవడం చాలదు. తెల్లకోటు వేసుకున్నవారు అడిగితే అర్థం కాలేదని ఎవరూ అనరు.

వాక్యం చదివాక వాళ్ల మాటల్లో మళ్లీ చెప్పమనండి. ఈ జవాబే ఎందుకు ఎంచుకున్నారో అడగండి. ఈ మధ్య ఎప్పుడు అలా జరిగిందో ఒక సంఘటన చెప్పమనండి. ఏడెనిమిది మందితో ఒక విడత చేసి, సరిదిద్ది, మళ్లీ ఇంకో విడత చేయండి. కొత్త ఇబ్బందులు రావడం ఆగేదాకా కొనసాగించాలి. మర్యాదగా 'సిజ్' అనే పిలవాలి. 'సెన్' అంటే మన నువ్వు లాంటిది, పెద్దవాళ్లతో వాడితే సంభాషణ అక్కడే ముగుస్తుంది.

ఇక్కడ చెవులు రిక్కించి వినాల్సిన మాటలున్నాయి. 'సాబిర్', 'షుకుర్'. హైదరాబాదు ఉర్దూలో సబర్, శుకర్ విన్నవాళ్లకి వీటి బరువు వేరే చెప్పనక్కరలేదు. నొప్పిని ఓర్చుకోవాలి, ఉన్నదానికి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి అన్న విశ్వాసం చాలామందికి నిజమైన బలం. అది ఆశగా మారి రోజువారీ జీవితాన్ని నిలబెడితే ఈ ప్రశ్నావళి కొలిచేది దాన్నే. కానీ 'కత్లన్మాక్' అనే ఇంకో ఓర్పు ఉంది. గత్యంతరం లేక భరించడం అది. నొప్పి ఉన్నా పని ఆపను, ఆపితే ఇల్లు గడవదు అనే మనిషి పట్టుదల వాక్యాలన్నిటికీ 4 పెడతాడు. అతనికున్నది స్థైర్యమా, నిస్సహాయతా? అంకె చూస్తే తెలియదు, అతని మాట వింటేనే తెలుస్తుంది. పట్టుదల గుంపులో 4లు, ఆశ గుంపులో 0లు కనిపించే కాగితాల్ని పక్కన పెట్టి, ఆ మనుషులతో ఇంకాసేపు మాట్లాడండి. వైద్యానికి కూడా ఇది ముఖ్యం. ఒళ్లు అరగదీసుకుని మోకాలు పాడుచేసుకుంటున్నవారిని స్థైర్యవంతులుగా లెక్కేసి పంపేయకూడదు.

6. పెద్ద శాంపిల్, లెక్కలు

ఆరోగ్య కొలమానాల నాణ్యతకి ప్రమాణాలు తయారుచేసే కాస్మిన్ బృందం సూత్రం ప్రకారం శాంపిల్‌లో వాక్యాల సంఖ్యకి కనీసం 7 రెట్లు, 100కి తగ్గకుండా. 14 వాక్యాలకి 98 వస్తుంది కాబట్టి 100 కనీసం. కానీ నిర్మాణం, అంటే ఏ వాక్యాలు ఏ గుంపులో చేరతాయన్నది, నమ్మకంగా తేలాలంటే 200 నుంచి 300 మందిని తీసుకోండి. దీర్ఘకాలిక నొప్పి అంటే 3 నెలలు దాటినది. నడుము, మెడ, కీళ్లు, ఫైబ్రోమయాల్జియా, ఇలా ఏవేవి చేర్చారో స్పష్టంగా రాయండి.

నిర్మాణం మూలంలో ముందే తెలుసు కాబట్టి వాక్యాలు అనుకున్న గుంపులుగానే చేరుతున్నాయో లేదో చూసే కన్ఫర్మేటరీ ఫ్యాక్టర్ ఎనాలిసిస్ చేయాలి. జవాబులు అయిదే మెట్లు, అందుకని వాటిని క్రమసంఖ్యలుగానే చూసే పద్ధతి వాడండి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లవాన్ ప్యాకేజీ ఉచితంగా ఈ పని చేస్తుంది. ఒకే కారకం (అంటే వాక్యాలన్నీ ఒకే గుంపు) ఉన్న నమూనా, రెండు కారకాల నమూనా, రెండూ నడిపి పోల్చండి. నమూనా డేటాకి ఎంత సరిపోయిందో చెప్పే సూచికల్లో సీఎఫ్ఐ 0.95 పైన, ఆర్ఎంఎస్ఈఏ 0.06 లోపు, ఎస్ఆర్ఎంఆర్ 0.08 లోపు ఉంటే బాగున్నట్టు. సరిపోకపోతే వెంటనే వాక్యాలు తీసేయకండి. వ్యతిరేకార్థపు వాక్యాలు మాత్రమే ఒకదానికొకటి అతుక్కుంటున్నాయేమో చూడండి. అలాగైతే పైన చెప్పిన 'హిచ్' చిక్కు తీరలేదన్నమాట, తప్పు సిద్ధాంతంలో లేదు.

విశ్వసనీయతకి, ఒక గుంపులోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే ఆల్ఫా, ఒమేగా అంకెల్ని రెండు గుంపులకీ విడివిడిగా ఇవ్వండి. 0.70 దాటాలి. 0.95 కూడా దాటిపోతే వాక్యాలు ఒకే మాటని తిప్పి తిప్పి అడుగుతున్నాయేమో అనుమానించండి.

కనీసం 50 మందికి, వీలైతే 100 మందికి, వారం రెండు వారాల తర్వాత మళ్లీ ఇవ్వండి. ఈ మధ్యలో నొప్పిలో మార్పు వచ్చిందా అని ఒక ప్రశ్న చేర్చి, మార్పు లేదన్నవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. రెండుసార్ల మార్కులు ఎంత బాగా కలుస్తున్నాయో చెప్పే ఐసీసీ 0.70 దాటాలి. దాంతో ఆగకుండా కొలత దోషం కూడా లెక్కగట్టండి. ఉదాహరణకి ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరాయన్నది) 10, ఐసీసీ 0.84 అనుకుందాం. 1 లోంచి 0.84 తీసేస్తే 0.16, దాని వర్గమూలం 0.4, పదితో గుణిస్తే దోషం 4 మార్కులు. దాన్ని 2.77తో గుణిస్తే సుమారు 11. అంటే ఒక మనిషి మార్కు 11 కన్నా ఎక్కువ మారితేనే నిజంగా మార్పు వచ్చిందని చెప్పగలం. క్లినిక్‌లో వైద్యుడికి కావలసిన అంకె ఇదే.

ఇక సప్రమాణత. డేటా చూడకముందే ఊహల్ని కాగితం మీద రాసుకోండి. మామూలు స్థైర్యాన్ని కొలిచే బ్రీఫ్ రెసిలియెన్స్ స్కేల్‌తో మధ్యస్థంగా అనుకూల సంబంధం, నొప్పిని కొండంత చేసుకుని భయపడటాన్ని కొలిచే పెయిన్ కెటాస్ట్రొఫైజింగ్ స్కేల్‌తో వ్యతిరేక సంబంధం, నొప్పి తీవ్రతతో బలహీన సంబంధం ఉండాలి. ఈ రెండు స్కేళ్లకీ టర్కిష్ రూపాలు ఉన్నాయి. ఊహల్లో 75 శాతం నిలిస్తే సప్రమాణతకి మంచి ఆధారం. ఎక్కువమంది కింది చివరో (0) పై చివరో (56) చేరిపోయారా అన్నదీ చూడండి. 15 శాతం మించి ఒకే చివర ఉంటే ఆ కొలమానం వాళ్లలో తేడాలు పట్టలేదు.

టర్కీ ఫలితాల్ని అమెరికా ఫలితాలతో పోల్చాలంటే సగటులు పక్కపక్కన పెడితే చాలదు. రెండు దేశాల వాళ్లలో నిర్మాణం, లోడింగులు (ప్రతి వాక్యానికీ దాని కారకంతో ఉన్న బంధం బలం), ఆరంభ స్థాయిలు (స్థైర్యం ఒకేలా ఉన్నవాళ్లు ఒక్కో వాక్యానికి మార్కు మొదలుపెట్టే చోటు) సమానమో కాదో ఒక్కో మెట్టుగా పరీక్షించాలి. మెట్టు మెట్టుకీ సీఎఫ్ఐ 0.01 కన్నా ఎక్కువ పడిపోతే అక్కడ ఆగిపోవాలి.

7. ఫైళ్లలో జాగ్రత్త

టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండు వేరు అక్షరాలు. చిన్న అక్షరాల్ని పెద్దవిగా మార్చే సాఫ్ట్‌వేర్ ఆదేశం వీటిని కలిపేస్తుంది, దాంతో కోడ్‌లు తప్పుతాయి. పైగా అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. 3,5 అన్నది మన కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ముప్పై అయిదైపోవచ్చు, రెండు గళ్లుగా చీలిపోవచ్చు. డేటా దిగుమతి అయ్యాక ప్రతి వరసలో కనిష్ఠం 0, గరిష్ఠం 4 మధ్యే ఉందో లేదో మొట్టమొదట చూడండి.

8. బయటికి ఇచ్చేటప్పుడు

చివరి రూపంతో పాటు మార్కులు వేసే సూచనలు, చదివి వినిపించే నియమం, ఏ వాక్యాన్ని ఎందుకు మార్చారో చెప్పే పట్టిక, అన్నీ కలిపి మూల రచయితలకి పంపండి. కాగితం అడుగున రూపం సంఖ్య, తేదీ వేయండి. ఫోన్లో నింపే రూపం తయారుచేస్తే దాన్ని విడిగా కొందరితో పరీక్షించండి. చిన్న తెర మీద 'హెర్ జమాన్' గడి పక్కకి జారి కనపడకపోతే జవాబులన్నీ మధ్యలోనే ఆగిపోతాయి. పని చేయని వాక్యం ఏదైనా ఉంటే దాన్ని కూడా పేరు పెట్టి వ్యాసంలో రాయండి. రేపు అజర్‌బైజానీలోకో, తెలుగులోకో ఇదే ప్రశ్నావళిని తెచ్చేవాళ్లు మొదట వెతికేది ఆ పేరానే.